నీళ్ళ పంచాయితీ: పూడిక సంగతి తర్వాత, ముందు మరువ చూడండి

(చిన్ననీటి పారుదలలో చాలాకాలం పనిచేసి రిటైరైన ఇంజనీరు ఈ పేజీలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వరద గురించే.)

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర ఒక పల్లె. ఊరికి పైన చెరువు, కింద కాలనీ. పెద్ద వాన వచ్చినప్పుడల్లా కాలనీలో మోకాటిలోతు నీళ్ళు. ఈ ఎండాకాలం ఇంటికింత వేసుకుని, బెంగళూరులో ఉద్యోగాలు చేసే మావాళ్ళ దగ్గర కొంత తెచ్చి, జేసీబీ పెట్టి పూడిక తీయించాలని అనుకుంటున్నాం. వరద తప్పుతుందా సార్?

జవాబు: పూడిక తీయండి నాయనా, కాదనను. బోర్లలో నీళ్ళు నిలుస్తాయి, ఆ ఒండ్రు చేలకు తోలుకుంటే మందు బస్తాలు తగ్గుతాయి. కానీ కాలనీ మునగకూడదనే ఈ డబ్బు పోగేస్తున్నామంటే మాత్రం నేను ఒప్పుకోను.

లెక్క చూడండి. మీ చెరువు 50 ఎకరాలనుకుందాం. అంతటా ఒక అడుగు మందాన పూడిక తీశారనుకుందాం. ఒక్క అడుగే అయినా 60 వేల ఘనపు మీటర్ల మట్టి అవుతుంది. ట్రాక్టరు ట్రాలీకి 3 ఘనపు మీటర్లు పట్టినా 20 వేల ట్రిప్పులు. మీ చందాలకు అంత డీజిల్ రాదు. వచ్చిందే అనుకున్నా, దొరికే జాగా రెండు మిలియన్ ఘనపుటడుగులకు కాస్త పైన. ఇక చెరువులోకి నీళ్ళు దిగే నేల 10 చదరపు కిలోమీటర్లు ఉండి, ఒక్క రాత్రిలో 100 మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగం ఇంకిపోయినా, వచ్చిపడే నీళ్ళు 17 మిలియన్ ఘనపుటడుగులు దాటతాయి. మీరు తవ్విన జాగాకు ఎనిమిదింతలు. పైగా మన దగ్గర పెద్ద వానలు సెప్టెంబర్, అక్టోబర్‌లలో పడతాయి. అప్పటికే చెరువు నిండుంటే మీరు తవ్విన అడుగులోనూ నీళ్ళే ఉంటాయి. ఆ తర్వాత వచ్చిన ప్రతి బిందెడూ మరువ మీదుగా, అంటే నిండిన చెరువు పొర్లిపోయే అలుగు మీదుగా, బయటికి పోవాల్సిందే.

కాబట్టి ముందు మరువ చూడండి. టేపు, నోటుబుక్కు పట్టుకుని నలుగురు వెళ్ళండి. మరువ పొడవు కొలవండి. పాత మరువల మీద మనిషి తొడలెత్తు నిలువు రాళ్ళు వరసగా పాతి ఉంటాయి. ఆ రాళ్ళ మధ్య ఎవరైనా మట్టి, గడ్డి కుక్కారేమో చూడండి. తర్వాత మరువ కింద వంకలోకి, అంటే ఆ నీళ్ళు పారే వాగులోకి, దిగి కాలనీ దాటేదాకా నడవండి. వంద అడుగులకోసారి వెడల్పు రాసుకోండి. పైన 40 అడుగులున్న వంక, కాలనీ దగ్గరికొచ్చేసరికి 10 అడుగులవుతుంది. దాని మీద రోడ్డు, రోడ్డు కింద రెండు పైపులు. నేను చూసిన పల్లెల్లో చాలాచోట్ల తంటా ఆ పైపుల దగ్గరే.

మళ్ళీ లెక్కే, విసుక్కోకండి. 100 అడుగుల మరువ మీద ఒకటిన్నర అడుగు ఎత్తున నీళ్ళు పొర్లితే సెకనుకు సుమారు 500 ఘనపుటడుగులు, అంటే 500 క్యూసెక్కులు దిగుతాయి. మూడడుగుల పైపులు రెండూ శుభ్రంగా ఉన్నా కలిపి 100 క్యూసెక్కులు మింగితే గొప్ప. మిగిలిన 400 ఎక్కడికి పోతాయి? మీ కాలనీలోకి. ఆ రెండు పైపులు తీసేసి సరైన కల్వర్టు వేయించడం, వంకలో కంపచెట్లు కొట్టించడం, ఇసుకా రాళ్ళూ మేట వేసిన చోట తవ్వించడం, ఇవీ చేయాల్సిన పనులు. మీ చందాలు పెట్టాల్సింది వంక పనికి. కల్వర్టు ఖర్చు మీరు భరించలేరు, అది పంచాయతీ గానీ రోడ్డు ఎవరిదైతే ఆ శాఖ గానీ చేయాలి. అయితే వంక వెడల్పులు కొలిచిన మీ నోటుబుక్కుతో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరికి వెళ్తే మీ మాటకు బరువుంటుంది. వట్టి 'మునిగిపోతున్నాం సార్' అనే అర్జీలు ఆయన టేబుల్ మీద ఇప్పటికే దొంతర ఉంటాయి.

పూడిక తీసేటప్పుడు రెండు జాగ్రత్తలు. చెరువు ఊరిదే అయినా కట్ట నీటిపారుదల శాఖది. రాతపూర్వకంగా అనుమతి లేకుండా జేసీబీ దించకండి. కట్ట పాదం దగ్గర గుంతలు తీయనివ్వకండి. ట్రాక్టరు డ్రైవర్లకు అక్కడ తవ్వడం సులువు, మట్టి కూడా బాగుంటుంది, అందుకని అక్కడే మొదలుపెడతారు. లోపలికి పొమ్మనండి.

కట్ట మీద ముదిరి మానులైన కంపచెట్లు కూడా ఎండాకాలంలోనే తీయాలి. పైన నరికేసి ఊరుకుంటే లోపల వేరు కుళ్ళి, ఆ బొరియ వెంబడి నీళ్ళు దారి చేసుకుంటాయి. వేరుతో తీసి, గుంతలో మట్టి పొరలు పొరలుగా వేసి, నీళ్ళు చల్లి దిమ్మిస చేయాలి. ఎలుక బొరియలకూ అంతే.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి 100 బండ్లు, రెండేళ్ళు పట్టిందని అందులో రాశారు. చెరువుకు ఉండకూడని 6 దోషాలు కూడా చెప్పారు. కట్టలోంచి నీళ్ళు ఊరడం ఒకటి. నేల తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం ఇంకొకటి. కట్ట వెనకవైపు ఊట కనబడితే ఆ నీళ్ళు గాజు గ్లాసులో పట్టి చూడండి. తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండండి, రోజూ చూడండి. బురదగా వస్తే లోపల కట్ట మట్టి కొట్టుకొస్తోందన్నమాట. అప్పుడు ఊట నోట్లో మట్టి కుక్కి మూయకండి, నీళ్ళు పక్కనుంచి చీల్చుకొస్తాయి. ఊట చుట్టూ ఇసుక మూటలు గుండ్రంగా పేర్చి, మధ్యలో నీళ్ళు కొంత ఎత్తున నిలిచేలా చేసి, వెంటనే ఇంజనీరుకు ఫోన్ చేయండి. కింద ఇళ్ళు ఖాళీ చేయించడం కూడా అప్పుడే మొదలుపెట్టాలి. మన బుక్కరాయసముద్రం ముసలమ్మ కథ చిన్నప్పుడు అందరం విన్నాం, గండి పూడ్చడానికి ఆ తల్లి ప్రాణమిచ్చిందని. అది వింటే నాకు భక్తి కంటే ముందు కోపం వస్తుంది. ఆ కట్టను ఎండాకాలంలో ఎవరూ ఎందుకు చూడలేదని.

ప్రశ్న: మా చెరువులో చేపల వేలం పాడుకున్నాయన మరువకు అడ్డంగా వల కట్టాడు. తీయమంటే 'లక్షలు పెట్టాను, చేపలు పోతే మీరిస్తారా' అంటున్నాడు. ఆయకట్టు రైతులు కొందరు ఆయనవైపే.

జవాబు: రైతులు ఆయనవైపు ఎందుకున్నారో నాకు తెలుసు. వాళ్ళు మరువ మీద ఇసుక మూటలు వేసి ఇంకో అడుగు నీళ్ళు ఆపుకుంటారు, వలకు అడ్డు చెబితే మూటలకూ అడ్డు చెబుతారని భయం. వాళ్ళను తిట్టి లాభం లేదు. వరి పొట్ట మీదున్నప్పుడు ఆ అడుగు నీళ్ళే పంటను గట్టెక్కిస్తాయి.

వల చిల్లుల్లోంచి నీళ్ళు పోతాయని ఆయన వాదన. మొదటి గంట పోతాయి. తర్వాత కంప, గడ్డి, ప్లాస్టిక్ సంచులు, ఎండిన చొప్ప వచ్చి అతుక్కుంటే వల గోడైపోతుంది. నీళ్ళు కట్ట అంచుకు ఎక్కుతాయి. మట్టికట్ట మీదుగా నీళ్ళు పొర్లితే కోసేయడానికి ఎక్కువసేపు పట్టదు. రాత్రిపూట వల కోయడానికి మరువ మీదికి మనిషిని పంపే పని మాత్రం ఎప్పుడూ చేయకండి, జారితే దొరకడు.

మధ్యేమార్గం ఉంది. వలను మరువ మీద కాకుండా, కింద వంకలో వెడల్పు ఎక్కువున్న చోట, ఒడ్డు నుంచే తాడు లాగితే పైకి లేచే చట్రానికి కట్టించండి. వాన హెచ్చరిక రాగానే లేపాలని పాట పత్రంలోనే రాయించండి. వచ్చే పాటకు ముందే రాయించాలి, తర్వాత ఎవరూ ఒప్పుకోరు. రైతుల మూటల సంగతి: డిసెంబర్ దాటి, ఈశాన్య రుతుపవనాల వానలు పోయాక, ఇంజనీరును అడిగి వేసుకోమనండి. అక్టోబర్‌లో వేస్తే తీసేయాల్సిందే. గ్రామసభలో తీర్మానం చేయించి అందరి సంతకాలు పెట్టించండి. సంతకం పెట్టిన తర్వాత మనిషికి ఎందుకో మాట మీద కొంచెం గౌరవం వస్తుంది.

ప్రశ్న: అనంతపురంలో నడిమి వంకకు రెండు వీధుల అవతల ఉంటాం. 2022 అక్టోబర్‌లో ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. వీధిలోంచి కాదు, బాత్రూమ్‌లోంచి, టాయిలెట్‌లోంచి ఎగదన్నాయి. గడపకు అడ్డుగా ఇసుక మూటలు వేసినా లాభం లేకపోయింది. మబ్బు పడితే చాలు టెన్షన్. మా వీధిలో ఆడవాళ్ళం పొదుపు సంఘంలో ఉన్నాం, మా చేతనైంది ఏముంది?

జవాబు: అమ్మా, బయట కాలువలో నీటిమట్టం మీ బాత్రూమ్ నేల కంటే పైకి లేస్తే పైపులోంచి వెనక్కి వస్తుంది. గడప దగ్గర ఎన్ని మూటలు వేసినా ఆ నీళ్ళకు సంబంధం లేదు. మందపాటి పాలిథిన్ సంచిలో సగానికి పైగా ఇసుక నింపి, మూతి కట్టి టాయిలెట్ బేసిన్‌లో దింపండి. బాత్రూమ్ జాలీ మీద పాతగుడ్డ, దానిపైన ఇంకో ఇసుక సంచి. సంపు మూత అంచుకు ప్లాస్టిక్ షీట్ పరిచి బరువు పెట్టండి. ఇదంతా వాన ముందు చేసేది. శాశ్వతంగా అయితే, ఇంటి నుంచి కాలువకు పోయే పైపుకు నీళ్ళు బయటికే పోయి లోపలికి రాకుండా ఆపే వాల్వు పెట్టించుకోవచ్చు. ప్లంబర్‌ను 'నాన్ రిటర్న్ వాల్వు' అని అడగండి. వీధి మొత్తం ఒకేసారి పెట్టించుకుంటే కూలి తగ్గుతుంది, ఇది మీ సంఘానికి తగిన పని. నెలకోసారి దాన్ని తెరిచి కడగాలి, జుట్టు చిక్కుకుంటే పనిచేయదు.

గడపకు మూటలు వేసేటప్పుడు కూడా పద్ధతి ఉంది. సంచి నిండా కుక్కితే రాయిలా గుండ్రంగా అయి సందులు మిగులుతాయి. సగానికి కొంచెం పైదాకా నింపి, మూతి మడిచి కిందికి పెట్టి, గోడ కట్టినట్టు అతుకులు కలవకుండా పేర్చి కాలితో తొక్కాలి. ముందు ప్లాస్టిక్ పట్టా పరవాలి.

ఇక అసలు విషయం మీరు రాయలేదు, నేనడుగుతున్నా. మీ వీధిలో సిమెంటు రోడ్డు ఎన్నిసార్లు వేశారు? పాతది తవ్వకుండా దానిమీదే కొత్తది వేస్తూ పోతే, వేసిన ప్రతిసారీ మీ ఇల్లు ఆ మేరకు గుంతలోకి పోయినట్టే. తర్వాతిసారి రోడ్డు మంజూరైనప్పుడు పాత రోడ్డు తొలగించి, పాత మట్టానికే వేయాలని వీధి మొత్తం కలిసి అడ్డుపడండి. రోడ్డు వేయిస్తున్నారు కదా అని కార్పొరేటర్‌కు దండ వేసి ఊరుకోకండి. కొందరు ఇళ్ళ ముందు ర్యాంపులు కట్టి కాలువ మీద స్లాబు పోసేస్తారు. ఆ స్లాబు కింద ఏముందో మున్సిపాలిటీ వాళ్ళకు కూడా కనబడదు. మూత తీసే వీలు లేని స్లాబులకు ఒక్కో చోట తెరిచే బిళ్ళ పెట్టించండి. మే నెలలో కాలువ తీయించి, తీసిన మట్టి అదేరోజు ట్రాక్టరుకెత్తించండి. ఒడ్డున వదిలితే మొదటి వానకు మళ్ళీ కాలువలోకే.

ఇంకుడు గుంతల గురించి కూడా కొందరు రాశారు, ఇక్కడే చెబుతా. రెండు సెంట్ల మిద్దె మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 8 వేల లీటర్లు. మంచి గుంత ఉంటే అందులో కొంత దిగుతుంది, బోరుకు మేలు. చిన్న వానలకు వీధి కూడా తేలికపడుతుంది. వంక పొంగి వచ్చే నీళ్ళకు మాత్రం అది జవాబు కాదు.

వాన రాత్రి చేయాల్సిన పనుల్లో ఒక్కటి చెబుతా: వీధిలో ఎవరికి చెయ్యి అందించాలో ముందే కాగితం మీద ఉండాలి. మంచంలో ఉన్న ముసలివాళ్ళు, నెలలు నిండినవాళ్ళు, డయాలసిస్‌కు పోయేవాళ్ళు. ఒక్కో పేరు ఎదురుగా ఇద్దరి పేర్లు రాయండి. నీళ్ళు నేలను తాకకముందే మెయిన్ స్విచ్ ఆపండి, తాకాక తడి చేత్తో ఆ జోలికి పోకండి.

ప్రశ్న: కర్నూలు పాతబస్తీలో ఉంటాం. శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో రాగానే మా నాయన సామాన్లు మిద్దె ఎక్కిస్తాడు. అవసరమేనా?

జవాబు: మీ నాయన 2009 అక్టోబర్ 2 నాటి వరద చూసినాయన, ఆయనను నవ్వకండి. అయితే శ్రీశైలం మీకు దిగువన ఉంది. అక్కడ గేట్లు ఎత్తితే మీకు మంచిదే. అక్కడ నీళ్ళు పేరుకుపోతే కష్టం. శ్రీశైలం పూర్తిమట్టం 885 అడుగులు, 2009లో 896 దాకా పోయింది. వరద 25 లక్షల క్యూసెక్కులు వచ్చింది. పైనుంచి తుంగభద్ర, పక్కనుంచి హంద్రీ, కింద వెనకజలాలు, మూడూ ఒకేసారి. అంత వరదకు వీధివాళ్ళు మూటలు వేసి చేసేదేమీ లేదు, లేచి వెళ్ళిపోవడమే.

మీరు చూడాల్సింది పైవైపు. తుంగభద్ర డ్యామ్ నుంచి ఎంత వదిలారు, సుంకేసుల దగ్గర ఎంత పోతోంది. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మన జిల్లాను ముందే అప్రమత్తం చేశారు. పెద్దనది అలా కొంత టైమిస్తుంది. హంద్రీ ఇవ్వదు. మద్దికెర వైపు పుట్టి కోడుమూరు మీదుగా వచ్చే ఏరు, ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనబడుతుంది, అందుకే జనం దాన్ని లెక్కచేయరు. కోడుమూరులో మీకు చుట్టం ఉంటే ఆయన ఫోన్ నంబర్ మీ వీధికంతా ఇవ్వండి. టీవీ కంటే ఆయన ముందు చెబుతాడు. 2009 నీటి గుర్తులు కొన్ని గోడల మీద ఇంకా ఉంటే సున్నం వేసి చెరిపేయకండి, పెయింటుతో గీత గీసి ఏడాది రాయండి. మిద్దె మీదికి ఏం ఎక్కించాలో, మిద్దె కూడా వదిలి ఎప్పుడు పోవాలో ఆ గీత చూసి మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: కడపలో మా వీధి వెనక వంకను పూడ్చి ఒకాయన గోడ కట్టాడు. మాకు దూరపు బంధువే. గొడవ లేకుండా ఎలా?

జవాబు: గొడవ లేకుండా కాదు, మీ ఒక్కరి పేరు లేకుండా అవుతుంది. పది ఇళ్ళవాళ్ళు సంతకం పెట్టండి. రెవెన్యూ రికార్డులో అది వంక పోరంబోకేనా (ప్రభుత్వ భూమేనా), ఎఫ్ఎంబీ అనే సర్వే కొలతల పటంలో వెడల్పు ఎంతుందో నకలు తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. సర్వేయరుతో కొలిపించమని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. చెరువులు, కుంటల లాంటి ఊరుమ్మడి జాగాలు కాపాడాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్లను కాపాడే 2002 నాటి వాల్టా చట్టం కూడా ఉంది. బుగ్గవంక పొంగితే కడపకు ఏమవుతుందో మీ తహసీల్దారుకు నేను చెప్పక్కరలేదు. ఒక మాట: వంక గట్టున గుడిసె వేసుకున్న కూలీని ముందు లేపి, గోడ కట్టినాయనను వదిలేస్తారు సాధారణంగా. మీ అర్జీలో గోడ సంగతి మొదట రాయండి. గుడిసెవాళ్ళకు వేరే స్థలం ఇవ్వమని కూడా అందులోనే అడగండి, వాళ్ళు మీకు సాక్షులవుతారు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి వరద పులపత్తూరు, మందపల్లిలను ఊడ్చేసింది. మాది వేరే ఏటి ఒడ్డున చిన్న ఊరు. వాట్సాప్ గ్రూపు పెడితే హెచ్చరికకు సరిపోతుందా?

జవాబు: పగలు సరిపోతుంది. తెల్లవారుజామున కరెంటు, టవరు రెండూ పోతే గ్రూపులో మెసేజ్ ఎవరు చూస్తారు? గ్రూపు ఉంచండి, విపత్తు హెచ్చరికలు పంపే కేంద్రం వాళ్ళ 'సచేత్' యాప్ కూడా వేసుకోండి, 112, 1070 అత్యవసర నంబర్లు అందరి ఫోన్లలో ఉండాలి. దాంతోపాటు గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు ఏదుంటే అది బ్యాటరీతో నడిచేలా చేయండి. అదీ లేకపోతే తప్పెట. తప్పెట ఏ దరువు కొడితే లేచిపోవాలో ఊరంతటికీ తెలియాలి, పెళ్ళి దరువు, చావు దరువు కాకుండా వేరేది పెట్టుకోండి.

ఎవరు చెబితే కొట్టాలి అన్నదే అసలు చిక్కు. పైఊరి నుంచి ఫోన్ వచ్చాక కూడా 'సర్పంచ్‌ను అడుగుదాం' అని కూర్చుంటే అరగంట పోతుంది. ముగ్గురి పేర్లు రాసుకోండి, వాళ్ళలో ఏ ఒక్కరు చెప్పినా కొట్టేయాలి. ఉత్తపుణ్యానికి కొట్టినా ఎవరూ ఆ ముగ్గురినీ నిందించకూడదని గ్రామసభలోనే ఒప్పందం చేసుకోండి. ఇది లేకపోతే రెండోసారి ఎవరూ నోరు తెరవరు.

ఎత్తైన చోటికి పోయే దారి వంక దాటకుండా ఉండాలి. అలాంటి దారి లేకపోతే ముందే, వెలుతురుండగానే జనాన్ని దాటించాలి. పారే నీళ్ళు మోకాలిలోపే ఉన్నా మనిషిని పడేస్తాయి, బండి మీద ధైర్యం చేసే కుర్రాళ్ళకు ఇది ప్రత్యేకంగా చెప్పు. పశువుల పలుపులు విప్పేసే పని ఇంట్లో ఎవరిదో కూడా అనుకోండి. చాలామంది వాటికోసమే వెనక్కి వెళ్ళి చిక్కుకుంటారు. సెప్టెంబర్ మొదటి వారంలో ఒక ఆదివారం ఇదంతా ఒకసారి నిజంగా చేసి చూడండి, తప్పెట కొట్టినప్పటి నుంచి ఆఖరి మనిషి గట్టెక్కేదాకా ఎంతసేపు పట్టిందో రాసి నాకు పంపు. దాన్నిబట్టి పైఊళ్ళో ఎంత దూరాన మనిషిని పెట్టుకోవాలో చెబుతాను.